గుమ్మానికి లోపల ఫారిన్

మా చినరేవు ఏరియా ఆసుపత్రిలో ఆరో నంబరు వార్డు ఫారిన్ అయిపోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే తప్పు మాది కాదు. నోటీసు బోర్డులో పెట్టాం. బోర్డు అద్దం మీద ఎవరో క్షయవ్యాధి పోస్టరు అంటించడంతో లోపలి కాగితం కనబడలేదు గాని, పెట్టడం మాత్రం నియమం ప్రకారమే పెట్టాం.

నేను ఆ ఆసుపత్రిలో మందులిచ్చే ఫార్మసిస్టుని. ఊళ్లో అందరూ మందులబాబు అంటారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో కిటికీలోంచి నేను ఎక్కువగా ఇచ్చింది 'లేదు' అనే మాట. దాని తర్వాత 'రేపు రండి'. ఈ రెండింటికీ ఏనాడూ కొరత రాలేదు.

ఆ రెండూ అందరికంటే ఎక్కువగా పుచ్చుకున్న మనిషి ఎర్నమ్మ. పడవల వీధిలో ఉంటుంది. మొగుడు సన్యాసి పడవలు కట్టే వడ్రంగి. మా తీరంలో తెప్ప విరిగినా, పడవకి చిల్లు పడినా అతని దగ్గరికే వస్తారు. రెండేళ్ల కిందట అతనికి నెత్తురు జబ్బు పట్టుకుంది. రోజుకో మాత్ర చొప్పున బతికినన్నాళ్లూ వేసుకోవాలన్నారు పెద్దాసుపత్రి డాక్టర్లు. వేసుకుంటే మామూలు మనిషిలా పడవలు కట్టుకోవచ్చు. మానేస్తే నాలుగైదు నెలలు.

ఆ మాత్ర ధర ఇక్కడ చెప్పను. చెబితే మీకు బీపీ వస్తుంది, దానికీ మా దగ్గర మాత్ర లేదు. సన్యాసి కొన్నాళ్లు రోజూ వేసుకున్నాడు. తర్వాత రోజు విడిచి రోజు. తర్వాత మాత్రని పనిముట్ల పెట్టె మీద పెట్టి, ఉలితో సరిగ్గా నాలుగు ముక్కలు చేసి, రోజుకో ముక్క చొప్పున దాన్ని నాలుగు రోజులు నడిపాడు. వడ్రంగి కదా, ముక్కలు భలే సమంగా వచ్చేవి. జబ్బు మాత్రం ఆ పనితనాన్ని లెక్కచేయలేదు.

ఒకరోజు ఎర్నమ్మ నా కిటికీ దగ్గరికి వచ్చి, ఒకే ఒక్క మాత్ర ఉన్న రేకు చూపించింది. దాని మీద మనకి రాని అక్షరాలేవో ఉన్నాయి, మందు పేరు మాత్రం ఇంగ్లీషులో ఉంది.

"బాబూ, మా పినతల్లి కొడుకు ఓడ మీద పని సేత్తాడు కదా, ఆడు తెచ్చినాడు. సంద్రం అవతల దీవి దేశంలో ఇదే మాత్తర నెలకి సరిపడా డబ్బా మన రెండు కేజీల సింతపండు కరీదంట. అదే మాత్తరేనా సూడండి."

చూశాను. అదే మందు, అదే మోతాదు, రంగు కూడా అదే.

"మరి ఆడనుంచి తెప్పించీకూడదేటి బాబూ?"

ఇక్కడ నా అలవాటు ప్రకారం 'కుదరదు, రేపు రా' అని ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఆవిడ చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి, అంత చిక్కిపోయింది. తెల్లకాగితం తీసి, విదేశాల్లో చవగ్గా దొరికే ఈ మందుని తెప్పించే అవకాశం పరిశీలించగోరుతూ పై అధికారులకి ఒక అర్జీ రాసిపెట్టాను. నా జన్మలో చేసిన తెలివితక్కువ పనుల్లో ఇదొకటని మా ఆవిడ అంటుంది. ఆవిడ లెక్కలో ఇది ఒకటో, వందో నాకు తెలియదు.

మా ఆసుపత్రి చరిత్రలో ఏ కాగితమూ అంత వేగంగా పైకి పోలేదు. రెండు నెలల్లో కమిటీ పడింది. 'చవక విదేశీ ఔషధముల దిగుమతి సాధ్యాసాధ్యముల పరిశీలనా సంఘం' అని దాని పేరు. అధ్యక్షులు జాయింట్ డైరెక్టరు నిట్టల విశ్వపతిరావు గారు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, ఆయన వాక్యాలు అంతకంటే పొడుగు. క్షేత్రస్థాయి పరిశీలన కోసం సంఘం స్వయంగా మా చినరేవుకే విచ్చేసింది. మా ఊళ్లో క్షేత్రం ఎలా ఉన్నా రొయ్యలు బాగుంటాయి.

ఆసుపత్రి మేడ మీద చర్చ మొదలైంది. నేను మందుల జాబితా పట్టుకుని మూల నిలబడ్డాను. మొదటి పూటంతా ఒకే ప్రశ్న నడిచింది, చవక మందు మంచిదేనా అని.

"ధర అనునది గుణమునకు దర్పణము," అన్నారు విశ్వపతిరావు గారు. "ఇంత తక్కువ ధరకు లభించు ఔషధము రోగిలో తగినంత గౌరవము కలిగించగలదా అన్నది మౌలికమైన ప్రశ్న."

"కాని అది ఫారిన్ కదండీ," అన్నాడొక సభ్యుడు. "ఫారిన్ అంటే మంచిదే అయి ఉంటుంది."

"ఫారిన్ అయితే ఖరీదు ఉండాలి కదా. చవగ్గా ఉందంటే అది నిజమైన ఫారినేనా?" అన్నాడు ఇంకో సభ్యుడు.

ఈ మాటకి అందరూ ఆలోచనలో పడ్డారు. మన బజారు మాత్రనీ, ఎర్నమ్మ రేకులోని వాళ్ల మాత్రనీ పక్కపక్కన ఒక సాసరులో పెట్టి పోల్చి చూద్దామన్నారు. పెట్టాను. సభ్యులు సాసరుని చేతులు మార్చుకుంటూ వాసన చూశారు, వెలుగుకి పట్టుకుని చూశారు. సాసరు బల్లంతా తిరిగి వచ్చేసరికి ఏది మనదో ఏది వాళ్లదో ఎవరికీ తెలియలేదు. నన్నడిగారు. నాకూ తెలియలేదు. గంటసేపు చర్చించాక, అధ్యక్షుల వారికి దగ్గరగా ఉన్నదాన్ని ఖరీదైనదిగా భావించవలెనని తీర్మానించారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక 'ప్రత్యక్ష బాధితురాలి వాంగ్మూలం' కోసం ఎర్నమ్మని పిలిచారు.

"చూడమ్మా," అన్నారు విశ్వపతిరావు గారు. "నీ భర్తకు అత్యల్ప ధర గల ఔషధము సేవింపజేయుట యందు నీకు భయాందోళనలు ఏమైనా గలవా?"

ఎర్నమ్మ నావైపు చూసింది. "చవక మందంటే భయం లేదా అని అడుగుతున్నారు," అన్నాను.

"బాబూ, కరీదు మందు కొననేక సచ్చిపోతాడేమోనని బయ్యం గాని, సవక మందు తిని బతికీత్తాడేమోనని బయ్యం ఏలా?"

'సాక్షి విషయమునకు సంబంధము లేని సమాధానమిచ్చినది' అని రాసుకున్నారు.

చర్చ మూడు రోజులు సాగింది. దిగుమతి చేయకూడదు, ఎందుకంటే దిగుమతికి నిబంధన లేదు. చేయకుండా ఉండకూడదు, ఎందుకంటే కమిటీ వేశారు. ఊళ్లో రొయ్యలు అయిపోయాయి. అప్పుడు లేచాడు మా ఆసుపత్రి పరిపాలనాధికారి, ఏ.ఓ. కామేశం. సన్నటి మనిషి, సన్నటి గొంతు. రెండు తప్పుల మధ్య నుంచి ఒక నియమం తియ్యడంలో జిల్లాలో అతన్ని మించినవాడు లేడు.

"అయ్యా, చిన్న మనవి. ఫారిన్ మందు మన దేశంలోకి తెస్తే దిగుమతి అవుతుంది, దానికి అనుమతి లేదు. కాని మన రోగి ఫారిన్ వెళ్లి మందు వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అలాగని రోగులందరినీ ఓడెక్కించలేం. కాబట్టి రోగిని ఫారిన్ పంపే బదులు, ఫారిన్‌నే ఇక్కడికి తెప్పిస్తే?"

సభ్యులు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు.

"అంటే?" అన్నారు విశ్వపతిరావు గారు. ఆయన నోట అంత చిన్న వాక్యం వినడం అదే మొదలు.

"ఆరో నంబరు వార్డు ఖాళీగా ఉందండి. అది విదేశంగా భావించబడును అని ఒక్క ముక్క రాస్తే చాలు. ఒక ఫారిన్ నుంచి ఇంకో ఫారిన్‌కి పోయే సరుకు మన దేశంలోకి వచ్చినట్టు కాదు, దారిలో ఉన్నట్టు."

విశ్వపతిరావు గారి కళ్లు చెమర్చాయి. అప్పటికప్పుడు తీర్మానం చెప్పి రాయించారు. ఆ కాగితం నకలు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. 'విదేశ సరిహద్దును ప్రజలకు స్పష్టపరచు నిమిత్తము ఒక గుమ్మము నిలబెట్టవలెను. సదరు గుమ్మమునకు లోపలివైపు విదేశముగాను, బయటివైపు స్వదేశముగాను భావించబడును.'

ఆరో వార్డుకి అప్పటికే ఒక గుమ్మం ఉంది గాని, అది స్వదేశీ గుమ్మం. కొత్తది కావాలన్నారు. చేతికి అందిన వడ్రంగి సన్యాసే. ఒంట్లో ఓపిక లేకపోయినా, తన మందు వచ్చే గుమ్మం కదా అని కూర్చుని కూర్చుని చెక్కాడు. పడవలు కట్టిన చెయ్యి, ఎక్కడా మేకు లేకుండా బిగించాడు. నలుగురు మోస్తే ఎక్కడికైనా పోతుంది, దింపితే నిటారుగా నిలబడుతుంది. దాన్ని వరండాలో, వార్డుకి నాలుగడుగుల ముందు నిలబెట్టారు. గుమ్మం ఎత్తాక ఊరికే వదిలేస్తామా? ఎర్నమ్మ గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టింది. వడ్రంగికి కొత్త పంచె పెట్టడం మర్యాద. కామేశం దస్త్రంలో వెతికి, పంచెకి పద్దు లేదని చెప్పి, ఆసుపత్రి దుప్పటి ఒకటి పెట్టించాడు.

ప్రారంభోత్సవానికి విశ్వపతిరావు గారే వచ్చారు. గుమ్మం సన్యాసి తన ఎత్తుకి చేసుకున్నాడు.

"బాబూ, తలొంచండి," అంది ఎర్నమ్మ.

ఆయన వంచలేదు. టంగుమంది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. "విదేశీ ప్రయాణములందు ఇటువంటివి సహజము," అన్నారాయన కళ్లు మూసుకుని. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ వారంలోనే దీవి దేశం నుంచి మాత్రలు దిగాయి. నాకు నమ్మశక్యం కాలేదు. సీలున్న పెట్టెని నేనే మోసుకెళ్లి, గుమ్మం దాటి, ఫారిన్ బీరువాలో పెట్టి తాళం వేశాను. సన్యాసితో పాటు అదే జబ్బున్న ఇంకో నలుగురు వచ్చారు. ఓపీ చీటీలే పాస్‌పోర్టులుగా భావించబడ్డాయి. వాచ్‌మన్ ఎల్లాజీ గుమ్మం పక్క బల్ల వేసుకుని సరిహద్దు అధికారి అయ్యాడు. ఎల్లాజీ లాంటి నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు. చెప్పులు బయట విడవండి అని బోర్డుంటే సూపరింటెండెంటు చేత కూడా విడిపించే రకం. ఇప్పుడు ముద్ర చేతికొచ్చింది, ఇక చెప్పాలా?

మొదటిరోజు సన్యాసి గుమ్మం దాటి, నా చేతి మీదుగా మాత్ర పుచ్చుకుని, ముక్కలు చెయ్యకుండా నిండుగా మింగాడు. మింగి కాసేపు అలాగే నోరు మూసుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏటీ నేదు బాబూ. నిండు మాత్తర మింగి ఏడాదైపోనాది. గొంతులో ఎలాగుంటాదో మరిసిపోనాను."

ఆ రోజు నేను కామేశాన్నీ, కమిటీనీ, అందరినీ క్షమించేశాను. తొందరపడ్డాను.

ఫారిన్ అన్నాక దాని లాంఛనాలు దానికుంటాయి. గోడ గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పారు. వార్డు డాక్టరు సువర్ణలత గారు రౌండ్సుకి వెళ్లబోతే, ప్రభుత్వోద్యోగి విదేశానికి వెళ్లాలంటే ముందస్తు అనుమతి కావాలన్నారు. నాకు ఒక్కడికే సరుకుతో పాటు పోయేవాడినని మినహాయింపు దొరికింది. ఆవిడ అనుమతి కోసం రాసి, అది వచ్చేదాకా గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చునేవారు. రోగి లోపలి నుంచి గడప దాకా వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. ఆవిడ చెవులు స్వదేశంలో, స్టెతస్కోపు బిళ్ల విదేశంలో. అలా పరీక్ష చేసేవారు. మంచి డాక్టరు, నవ్వకుండా చేసేవారు.

ఎర్నమ్మ మొగుడికి చేపల పులుసు క్యారియరు తెస్తే, ఎల్లాజీ అది ఎగుమతి అని కాగితం రాసి లోపలికి పంపాడు. అతను తిరిగొచ్చేటప్పుడు ఖాళీ క్యారియరు బయటికి వస్తుంటే, విదేశం నుంచి స్టీలు సామాను వస్తోందని పట్టుకున్నాడు. నెల తిరిగేసరికి ఆవిడవి ఏడు క్యారియర్లు బల్ల కింద పేరుకున్నాయి. అదే నెలలో ఎగుమతులు పెంచినందుకు ఆవిడకి ప్రశంసాపత్రం వచ్చింది.

వీధిలో ఇంకో తంటా. ఫారిన్ వెళ్లొచ్చిన మనిషి ఉత్త చేతులతో వస్తే మన ఊళ్లలో ఊరుకుంటారా? సన్యాసి రోజూ పొద్దున్న ఫారిన్ వెళ్లి పదకొండింటికి తిరిగొచ్చేవాడు.

"ఫారిన్ నుంచి ఏటి తెచ్చినావు బావా?" అని అరుగుల మీదివాళ్లు అడిగేవారు.

రెండు రోజులు నవ్వి ఊరుకున్నాడు. మూడోరోజు నుంచి ఆసుపత్రి గేటు పక్క బడ్డీలో చాక్లెట్లు కొని పట్టుకెళ్లి వీధంతా పంచాడు. బాగున్నాయి, మన దగ్గర ఇలాంటివి దొరకవు అన్నారట అందరూ.

ఇంతవరకూ బాగానే నడిచింది. చెడిందల్లా ఎల్లాజీ నిజాయితీ వల్ల. గుమ్మం దాటి వచ్చే ప్రతివాణ్ణీ అతను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "విదేశం నుంచి ఏదైనా తెస్తున్నావా?" సన్యాసి రోజూ లేదనేవాడు. ఒకరోజు సరదాకి అన్నాడు, "కడుపులో ఒక మాత్తర ఉంది బాబూ" అని.

ఎల్లాజీ ముద్ర కింద పెట్టేశాడు. ముఖం పాలిపోయింది. ఇన్నాళ్లూ తన కళ్లెదుటే దిగుమతి జరిగిపోయిందని అతనికి నిద్ర పట్టలేదట. నేను ఎంత సర్దిచెప్పినా వినకుండా పైకి రాశాడు. పై నుంచి సమాధానం వచ్చింది. 'కడుపునందలి మాత్ర పూర్తిగా జీర్ణమగు వరకు దిగుమతిగానే భావించబడును. కావున సదరు రోగిని నాలుగు గంటలపాటు విదేశమునందే నిలిపి, జీర్ణమైనట్లు ధ్రువీకరణ పొందిన పిమ్మట మాత్రమే అనుమతించవలెను.'

సరే, నాలుగు గంటలే కదా అనుకున్నాం. సన్యాసి లోపల కూర్చుని కొయ్య ముక్కలతో బొమ్మపడవలు చెక్కుకునేవాడు. వాటిని ఫారిన్ పడవలని ఆసుపత్రి గుమాస్తాలు ఎగబడి కొనుక్కున్నారు. వడ్రంగి మనవాడు, కొయ్య మన పాత మంచం కోడు.

మూడు నెలలకి నెత్తురు పరీక్ష చేశారు. సువర్ణలత గారు స్టూలు మీద కూర్చుని కాగితం చూస్తూ, చూస్తూ, నవ్వేశారు.

"సన్యాసీ, లెక్కలన్నీ మామూలు మనిషివే! ఇంక పనిలోకి పోవచ్చు."

ఎర్నమ్మ గుమ్మం ఇవతల నిలబడి వింటోంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాక్కూడా కళ్లద్దాలు తుడుచుకోవాల్సిన పని పడింది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో సర్కారు పెట్టే వేట విరామం ఇంకో నలభై రోజుల్లో అయిపోతుంది. రేవులో సన్యాసి సగం కట్టి వదిలేసిన పడవ ఉంది. అది నీళ్లలో దిగకపోతే నాలుగు కుటుంబాలకి ఆ ఏడు వేట లేదు. ఇక దిగుతుందనుకున్నాం. సువర్ణలత గారు ఆ సంతోషంలో నివేదిక మీద 'గణనీయమైన మెరుగుదల' అని రాశారు.

అదే కొంప ముంచింది. వారం తిరక్కుండా మెమో వచ్చింది. కామేశం దాన్ని గుమ్మం దగ్గర నిలబడి చదివాడు, గొంతు ఎప్పటికంటే సన్నగా ఉంది.

"'పైన ఉదహరించిన నివేదిక ప్రకారము మాత్ర జీర్ణమైనను దాని గుణము రోగి శరీరమునందు మిగిలియున్నట్లు స్పష్టమగుచున్నది. సదరు గుణము విదేశీ ఔషధము వలన సంక్రమించినది గనుక, దానిని స్వదేశములోనికి తెచ్చుట అనుమతి లేని దిగుమతి. కావున రోగి సదరు మెరుగుదలను సరిహద్దు వద్ద అప్పగించి స్వదేశమునకు రావచ్చును. లేనియెడల మెరుగుదలతో సహా విదేశమునందే యుండవచ్చును.'"

ఎర్నమ్మ నా వైపు తిరిగింది. "దీనర్దం ఏటి బాబూ?"

నేను కళ్లద్దాలు సర్దుకునేలోపే ఆవిడే తేల్చుకుంది.

"జబ్బుతోటి అయితే ఇంటికి రావచ్చు, బాగయితే రాకూడదన్నమాట."

"అంతే అమ్మా," అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్లు 'లేదు' అన్నప్పుడు కూడా అంత సిగ్గు వెయ్యలేదు.

పదకొండు రోజులు సన్యాసి ఫారిన్‌లోనే ఉండిపోయాడు. ఆరో వార్డు కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. ఒళ్లు గట్టిపడ్డ మనిషి, చేతులు పని కోసం దురదపెడుతున్నాయి, ఎదురుగా తన సగం పడవ ఎండకి నెర్రెలిస్తోంది. అలా ఆ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాడు. నాలుగో రోజు నన్ను పిలిచి మెల్లగా అడిగాడు.

"బాబూ, మాత్తర మానీనాననుకోండి. మల్లీ జబ్బు వచ్చేత్తాది కదా, అప్పుడు ఇంటికి పంపేత్తారా?"

"నోర్మూసుకుని మింగు," అని కసిరాను. నా మందుల కిటికీ దగ్గరికి తిరిగొచ్చి, ఎదురుగా ఉన్న ఐదుగురికి వాళ్లడక్కుండానే 'లేదు' అనేశాను. అంత కోపం వచ్చింది.

పన్నెండో రోజు పొద్దున్న ఎర్నమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏడుపు లేదు. కొంగు నడుముకి బిగించింది.

"బాబూ, మొట్టమొదట ఆ పొడుగు బాబు రాయించినారు కదా, గుమ్మం కాయితం. అది ఒకపాలి సదవండి."

సొరుగులోంచి తీసి చదివాను. 'ఒక గుమ్మము నిలబెట్టవలెను. సదరు గుమ్మమునకు లోపలివైపు విదేశముగాను...'

"ఆగండి. ఆ గుమ్మం ఏడ నిలబెట్టాలో రాసినారా?"

కాగితం తిప్పి చూశాను, వెనక కూడా చూశాను. "లేదు," అన్నాను. నా జీవితంలో అంత సంతోషంగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

గంటలో పడవల వీధి నుంచి నలుగురు మగవాళ్లు వచ్చారు. తలకి తువ్వాళ్లు చుట్టుకుని, గుమ్మాన్ని పసుపు కుంకుమలతో సహా పైకి లేపారు. ఎల్లాజీ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండ్రా! ఏటట్టుకెల్లిపోతన్నారు?"

"సరిహద్దు," అంది ఎర్నమ్మ.

ఎల్లాజీ బల్ల మీద ఉన్న నిషిద్ధ వస్తువుల పట్టిక తీశాడు. మందులు ఉన్నాయి, స్టీలు సామాను ఉంది, మొక్కలు, పక్షులు, నాణేలు, దుప్పట్లు ఉన్నాయి. వేలు పెట్టి పై నుంచి కిందికి రెండుసార్లు చదివాడు. సరిహద్దు లేదు.

"మరి నా డ్యూటీ?" అన్నాడు దిగులుగా.

"మీ ఆర్డర్లో ఏం రాసుంది?" అన్నాను.

"గుమ్మం దగ్గర అని."

"అయితే గుమ్మంతో పాటు పద."

ఊరేగింపు కదిలింది. ముందు గుమ్మం, దాని వెనక ముద్ర, బల్ల నెత్తిన పెట్టుకుని ఎల్లాజీ, అతని వెనక ఏడు క్యారియర్లతో ఎర్నమ్మ. తర్వాత ఫారిన్ బీరువా తాళం చెవితో, మాత్రల పెట్టెతో నేను. నా వెనక సన్యాసి, మిగతా నలుగురు రోగులు. వాళ్లు గుమ్మానికి ఏ పక్క నడవాలన్నది పెద్ద సమస్యే. గుమ్మం మోసేవాళ్లని దాని ముఖం ముందుకి పెట్టి నడవమన్నాను, అప్పుడు వెనక వచ్చే మేమంతా లోపలివైపే అవుతాం. చినరేవు బజారు గుండా ఫారిన్ అలా నడుచుకుంటూ వెళ్లింది. దార్లో కొబ్బరికాయలు కూడా కొట్టారు.

పడవల వీధి చివర, ఎర్నమ్మ పాకకి అయిదడుగుల ముందు గుమ్మాన్ని దింపారు. లోపలివైపు పాక. పాక వెనక రేవు, సగం పడవ. సన్యాసి మాట్లాడకుండా నేరుగా పడవ దగ్గరికి వెళ్లి కొయ్య చెక్కే బాడిస అందుకున్నాడు. ఆ చప్పుడు వింటూ ఎర్నమ్మ గడపకి మళ్లీ పసుపు రాసింది.

మర్నాడు కారొచ్చింది. విశ్వపతిరావు గారు, వెనక కామేశం దిగారు. ఆయన ముఖం ఎర్రగా ఉంది.

"ఇది ఏమి అరాచకము! సరిహద్దును తరలించుటకు ఎవరి అనుమతి..." అంటూ గుమ్మం దాకా వచ్చారు. ఎల్లాజీ లేచి సెల్యూట్ కొట్టి, అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, ఓపీ చీటీ?"

"నేను జాయింట్ డైరెక్టర్నయ్యా!"

"అయితే ముందస్తు అనుమతి కావాలి సార్. తమరే రాసినారు."

ఎర్నమ్మ లోపలి నుంచి చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అంది. "కోప్పడకండి బాబూ. రానిత్తే ఎల్లాజీ ఉజ్జోగం పోతాది. తవరు ఆడనే నిలబడండి, కొబ్బరి నీల్లు ఎగుమతి... కాదు, దిగుమతి... ఏదో ఒకటి సేత్తాను."

విశ్వపతిరావు గారు కామేశం వైపు తిరిగారు. "ఆ తీర్మానమును తక్షణమే రద్దు చేయుము."

కామేశం దస్త్రం విప్పాడు, మూశాడు. "చెయ్యొచ్చండి. కాని ఆ కాగితం అమలు కావాలంటే లోపల ఉన్నవాళ్లకి అందాలి. వాళ్లు ఫారిన్‌లో ఉన్నారు. మన మెమోలు అక్కడ చెల్లవు."

ఆయన ఎర్నమ్మ చాపిన కొబ్బరి నీళ్ల గ్లాసు అందుకున్నారు. రేవు నుంచి బాడిస చప్పుడు వస్తోంది. కారులో వచ్చినప్పుడు ఉన్న కోపం కొబ్బరి నీళ్లు తాగేసరికి లేదు. గ్లాసు కింద పెట్టి, నన్ను కారు చాటుకి పిలిచారు. అటూ ఇటూ చూశారు.

"ఏవయ్యా, మా ఇంట్లో ఆవిడకి కళ్లలో నెలనెలా ఇంజక్షన్ వేయించాలి. అప్పు చేసి వేయిస్తున్నాను. నిజం చెప్పు, ఆ దీవి దేశంలో అది ఎంత ఉంటుంది?"

ఆయనకి మామూలు తెలుగు వచ్చని నాకు అప్పుడే తెలిసింది. చెప్పాను. ఆయన నుదురు తడుముకుంటూ కారెక్కారు.

వేట విరామం అయిపోయిన రోజున సన్యాసి పడవ నీళ్లలో దిగింది. ఎల్లాజీ దాన్ని విదేశీ నౌకగా రాసుకుని ముద్ర వేశాడు. నేను రోజూ పొద్దున్న మాత్రలు పట్టుకుని ఫారిన్ వెళ్లొస్తున్నాను, అలవాటైపోయింది. సన్యాసికి ఇప్పుడు పడవల కంటే గుమ్మాల పని ఎక్కువ. చక్కెర జబ్బు వాళ్లు, మూర్ఛ జబ్బు వాళ్లు, గుండె జబ్బు వాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి ఇంటికో గుమ్మం చెప్పి వెళుతున్నారు. ఇప్పటికి పదకొండు తయారయ్యాయి.

పన్నెండోది నిన్ననే మొదలెట్టాడు. ఎవరిదని అడిగితే, పేరు చెప్పలేదు, కారు డ్రైవరు కొలతలు మాత్రం ఇచ్చి వెళ్లాడన్నాడు. ఆరడుగుల ఆరంగుళాలు ఉండాలట, ఒక్క అంగుళం కూడా తగ్గకూడదట.